హంతకుడికి ఉరి పడాలా? సెషన్స్ జడ్జి ముందున్నవి రెండే దారులు

విశాఖపట్నం జిల్లా కోర్టులో ఒక సెషన్స్ జడ్జి హత్య కేసులో ఉరిశిక్ష వేశారనుకుందాం. సాయంత్రానికల్లా టీవీల్లో బ్రేకింగ్ న్యూస్ వస్తుంది. మర్నాడు పేపర్లో మొదటి పేజీ. జగదాంబ జంక్షన్‌లో టీ తాగేవాళ్లు 'మంచి పని చేశారు' అనుకుని వేరే కబుర్లలో పడతారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ రోజు జరిగింది సగం పనే. హైకోర్టు ధ్రువీకరించేదాకా ఆ శిక్ష అమలు చేయడానికి వీల్లేదు. దోషి అప్పీలు వేసుకున్నా, వేసుకోకపోయినా ఫైలు అమరావతికి వెళ్లి తీరాలి. అక్కడ కనీసం ఇద్దరు జడ్జీలు కూర్చుని సాక్ష్యాలన్నీ మొదటి నుంచి మళ్లీ చూడాలి. యావజ్జీవం పడిన ఖైదీకి ఈ ఏర్పాటు లేదు. అతను అప్పీలు వేసుకుంటేనే పై కోర్టు చూస్తుంది.

ఈ తనిఖీ లాంఛనం కోసం పెట్టింది కాదని లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2000 సంవత్సరం నుంచి ఒక దశాబ్దానికి పైగా కింది కోర్టులు వేసిన ఉరిశిక్షలు చివరికి ఏమయ్యాయో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ పరిశోధకులు వెతికి 2016లో ప్రచురించారు. పై కోర్టుల్లో తేలిన కేసుల్లో ఉరిగానే మిగిలినవి 4.9 శాతం. సుమారు 65 శాతం మందికి శిక్ష తగ్గింది. తక్కిన 30 శాతం మంది నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. ఉరి తీయాల్సిందేనని ఒక జడ్జి నమ్మిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురి మీద అసలు కేసే నిలబడలేదు. ఇంకే సర్కారీ పనిలోనైనా ఇంత తేడా వస్తే ఆ ఆఫీసుకు ఈపాటికి తాళం పడేది.

ఇక నిజంగా ఉరికంబం ఎక్కినవాళ్లు ఎందరు? 2004 ఆగస్టులో కోల్‌కతాలో ధనంజయ్ ఛటర్జీ, 2012 నవంబరులో పుణెలో కసబ్, 2013 ఫిబ్రవరిలో తిహార్‌లో అఫ్జల్ గురు, 2015 జులైలో నాగ్‌పూర్‌లో యాకూబ్ మెమన్, 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురు. ఈ శతాబ్దంలో మొత్తం ఎనిమిది మంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. ఆ సంవత్సరం కింది కోర్టులు 165 ఉరిశిక్షలు వేశాయి. రెండు దశాబ్దాల్లో అదే ఎక్కువ.

కాబట్టి 'హంతకుడికి ఉరి పడాలా' అని మనం వాదించుకునేటప్పుడు నిజానికి రెండు మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టి విసురుకుంటున్నాం. ఆ మనిషి చేసిన పనికి చావు తగిన శిక్షేనా అన్నది ఒకటి. వేలమంది హంతకుల్లోంచి ఆ కొద్దిమందిని ఏరడం మన పోలీసులకు, కోర్టులకు సరిగ్గా చేతనవుతుందా అన్నది ఇంకొకటి. ఉరి తీయకపోతే మరి ఏం చేస్తాం అన్నది వేరే. మొదటి ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు, ఉందనేవాళ్లను నేను పెద్దగా నమ్మను. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి 'వాడు బతకడానికి వీల్లేదు' అంటే ఆయనకు నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మాత్రం చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

ముందుగా హత్య అంటే ఏమిటో ఒక్క ముక్క. చనిపోయినవాళ్ల సంఖ్యను బట్టి హత్య కాదు, చంపినవాడి మనసులో ఉన్నదాన్ని బట్టి అవుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. అది హత్య కేసు కాలేదు. చంపాలన్న ఉద్దేశంతోనో, చావు తప్పదని తెలిసో చేసిన పనికే భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్ వర్తిస్తుంది. ఇదివరకు మనం 302 అని పిలుచుకున్నది ఇదే. 2024 జులై 1 నుంచి నంబరు మారింది గానీ శిక్ష మారలేదు: మరణశిక్ష లేదా యావజ్జీవం, ఆపైన జరిమానా.

ఒకప్పుడు ఉరే మామూలు

బ్రిటిష్ కాలం నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హత్య రుజువైతే ఉరి వేయడమే మామూలు. ఉరి ఎందుకు వేయడం లేదో జడ్జి కారణాలు రాయాలి. 1955లో ఆ నిబంధన తీసేశారు. 1973లో కొత్త కోడ్ వచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. యావజ్జీవం మామూలు అయింది. ఉరి వేయాలంటే 'ప్రత్యేక కారణాలు' రాయాలి. ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 393వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. 'మనిషిని చంపితే చట్టం ఉరే వేయమంటుంది, జడ్జీలే మెత్తబడుతున్నారు' అని చాలామంది అనుకుంటారు. చట్టం చెబుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం.

1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని 4-1తో తేల్చింది. కాకపోతే 'అరుదైన వాటిలోకెల్లా అరుదైన' కేసుల్లోనే వేయాలంది. నేరం ఒక్కటే చూస్తే చాలదు, నేరం చేసిన మనిషినీ చూడాలంది: వయసు, మానసిక స్థితి, మళ్లీ ఇలాంటి పని చేసే ప్రమాదం ఉందా, మారే అవకాశం ఉందా. మారడని సాక్ష్యాలతో చూపించాల్సిన బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి పి.ఎన్. భగవతి. ఈ శిక్ష పేదవాళ్ల మీదే పడుతుందని, జడ్జిని బట్టి మారిపోతుందని ఆయన తన వేరు తీర్పులో రాశారు. ఆ మాటలు నిజమయ్యాయి. 2016 నాటి అధ్యయనంలో ఉరిశిక్ష పడిన ఖైదీల్లో 74.1 శాతం మంది ఆర్థికంగా అట్టడుగున ఉన్నవాళ్లేనని తేలింది.

మూడేళ్లు తిరిగాక 1983లో మచ్ఛీ సింగ్ కేసు వచ్చింది. ఎలా చంపారు, ఎందుకు చంపారు, సమాజం మీద దాని ప్రభావం ఎంత, ఎందరిని చంపారు, చనిపోయింది ఎవరు అంటూ అయిదు కొలతలు పెట్టారు. అయిదూ నేరం గురించినవే. మనిషిని చూడాలన్న బచన్ సింగ్ షరతు ఉంది, కానీ ఈ జాబితా ముందు అది చిన్నబోయింది.

ఈ రెండూ ఎలా ఢీకొంటాయో మన ఏజెన్సీలో జరిగే ఒక తరహా హత్యను ఊహించుకుని చూడొచ్చు. పాడేరు వైపు ఒక ఊళ్లో పిల్లలు వరసగా జబ్బుపడ్డారు. పక్కింటి ముసలాయన చిల్లంగి (చేతబడి) పెట్టాడని ఒకడు నమ్మాడు, రాత్రిపూట వెళ్లి ఆయన్నీ భార్యనూ నరికేశాడు. మచ్ఛీ సింగ్ కొలతలతో చూస్తే నిస్సహాయులైన ఇద్దరు వృద్ధులు, క్రూరమైన పద్ధతి, సమాజం ఉలిక్కిపడే నేరం. అన్నీ ఉరివైపే లాగుతాయి. బచన్ సింగ్ తీర్పు పరిగణించమన్న అంశాల్లో ఇంకొకటి ఉంది: తాను చేస్తున్నది న్యాయమేనని నేరస్థుడు నమ్మాడా? మన ఊహలోని మనిషి నమ్మాడు. తన పిల్లల్ని కాపాడుకుంటున్నాననే అనుకున్నాడు. ఇంట్లో కువీ మాట్లాడుకునే ఆ మనిషికి కోర్టులో ఏం జరుగుతోందో సగం అర్థం కాదు. లీగల్ ఎయిడ్ కింద వచ్చిన వకీలు అతని ఊరు చూసి ఉండడు. అతను ఎలాంటి పరిస్థితుల్లో పెరిగాడో, అతని మానసిక స్థితి ఏమిటో జడ్జికి చెప్పేవాళ్లు ఎవరు? చాలా కేసుల్లో ఎవరూ లేరు.

ఈ లోటు సుప్రీంకోర్టు కంట పడటానికి నలభై ఏళ్లు పైన పట్టింది. 2022లో మనోజ్ కేసులో, ఉరి వేసే ముందు దోషి జైలు ప్రవర్తన మీద నివేదిక, మానసిక నిపుణుల అంచనా, కుటుంబ నేపథ్యం తెప్పించుకోవాల్సిందేనని చెప్పింది. విశాఖలో అయితే ప్రభుత్వ మానసిక చికిత్సాలయం డాక్టర్లు ఇలాంటి అంచనా ఇవ్వగలరు. సమస్య టైమే. దోషి అని తేల్చిన రోజే శిక్ష మీద వాదన విని, సాయంత్రంలోపు ఉరి ప్రకటించే అలవాటు మన కోర్టుల్లో ఉంది. ఒక మనిషి జీవితం మొత్తాన్ని లంచ్ తర్వాత గంటలో ఎలా తేలుస్తారు? ఈ ఒకే రోజు విచారణ సంగతి తేల్చమని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన రాజ్యాంగ ధర్మాసనానికి అప్పగించింది.

ఒకే నేరం, ముగ్గురు, మూడు దారులు

ఏరివేత ఎంత తలకిందులుగా ఉంటుందో చెప్పడానికి హర్బన్స్ సింగ్ కేసును మించినది లేదు. ఉత్తరప్రదేశ్‌లో ఒక కుటుంబంలో నలుగురిని చంపిన కేసు. జీతా సింగ్, కశ్మీరా సింగ్, హర్బన్స్ సింగ్ ముగ్గురికీ ఉరి పడింది. ముగ్గురి పాత్రా ఒకటే. విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్లారు, వేర్వేరు బెంచీల ముందు పడ్డారు. కశ్మీరా సింగ్‌కు 1977లో శిక్ష యావజ్జీవానికి తగ్గింది. జీతా సింగ్ పిటిషన్ కొట్టేశారు, 1981 అక్టోబరులో ఉరి తీశారు. హర్బన్స్ సింగ్‌నూ అదే సమయంలో ఉరి తీయాల్సింది. మళ్లీ పిటిషన్ వేయడంతో ఆగింది. అప్పుడు గానీ కోర్టుకు ఈ ముగ్గురి సంగతి ఒకచోట కనిపించలేదు. 1982లో హర్బన్స్ సింగ్ శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. జీతా సింగ్‌కు చేయగలిగింది అప్పటికి ఏమీ లేదు.

1995 డిసెంబరులో రావ్జీ కేసులో ఇద్దరు జడ్జీల బెంచ్, శిక్ష వేసేటప్పుడు నేరాన్నే చూడాలి గానీ నేరస్థుణ్ని కాదని రాసింది. అది అయిదుగురు జడ్జీలు చెప్పినదానికి నేరుగా ఎదురు. అయినా మరుసటి ఏడాదే అతణ్ని ఉరి తీశారు. తర్వాత చాలా కేసుల్లో ఈ తీర్పునే ఆధారంగా చూపించారు. 2009లో సంతోష్ బరియార్ కేసులో సుప్రీంకోర్టే, ఆ దారి తప్పు అని ఒప్పుకుంది. 2012లో పద్నాలుగు మంది మాజీ జడ్జీలు రాష్ట్రపతికి లేఖలు రాసి, ఇలా తప్పుడు ఆధారంతో శిక్ష పడినవాళ్లను ఉరి తీయవద్దని కోరారు.

మన రాష్ట్రాల్లోనూ ఈ ఎగుడుదిగుడు కనిపిస్తుంది. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చంపినవాడికి వరంగల్ కోర్టు రెండు నెలలు కూడా తిరక్కుండా ఉరి వేసింది. అంతకన్నా ఘోరం ఊహించడం కష్టం. నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. గుంటూరులో 2021 ఆగస్టు 15న పట్టపగలు నడిరోడ్డు మీద ఇంజినీరింగ్ విద్యార్థినిని పొడిచి చంపినవాడికి తొమ్మిది నెలల్లోపే అక్కడి కోర్టు ఉరి వేసింది. మిర్యాలగూడ పరువు హత్యలో నల్గొండ కోర్టు 2025 మార్చిలో, డబ్బు తీసుకుని కత్తి దూసినవాడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ మూడింటిలో ఏది 'అరుదైనది', ఏది కాదు అని వందమందిని అడిగితే ఒకే జవాబు రాదు. జడ్జీల దగ్గరా రావడం లేదు.

క్షమాభిక్ష దశలోనూ అంతే. 1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఇద్దరికీ ఉరి పడింది, సుప్రీంకోర్టు ఖరారు చేసింది, రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో ఉరికి అంతా సిద్ధమయ్యాక ఆఖరి ఘడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. తర్వాత వచ్చిన కె.ఆర్. నారాయణన్ 1998లో దాన్ని యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, మనుషులు అదే, ఫైలు అదే. మారింది రాష్ట్రపతి. అంతకు ముందు ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ఆదిలాబాద్ రైతాంగ పోరాటంలోంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. దేశమంతా విజ్ఞప్తులు వెళ్లినా ఆగలేదు.

విశాఖవాళ్లకు ఇంకా దగ్గరి చరిత్ర ఒకటుంది. అల్లూరి సీతారామరాజు దళంలో ముఖ్యుడైన గాం మల్లుదొరకు బ్రిటిష్ కోర్టు మరణశిక్ష వేసింది. తర్వాత దాన్ని యావజ్జీవానికి తగ్గించి అండమాన్ పంపారు. ఆ మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచే ఎన్నికయ్యారు. తిరుగుబాటు వేరు, డబ్బు కోసం గొంతు కోయడం వేరు. రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. 'ఈ మనిషి ఇక దేనికీ పనికిరాడు' అని ఒక రాజ్యం తేల్చిన మనిషి విషయంలో ఆ తీర్పు ఎంత పొరపాటో చెప్పడానికి ఈ ఊరికి బయటి ఉదాహరణలు అక్కర్లేదని మాత్రమే.

తప్పు జరిగితే

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య మనందరికీ గుర్తే. 2008లో పోలీసులు ఒక దళిత యువకుణ్ని పట్టుకుని ఇతనే హంతకుడన్నారు. విద్యార్థిని తల్లిదండ్రులే మొదటి నుంచి నమ్మలేదు. అయినా 2010లో కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా వదిలేసి, నష్టపరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక అతను నడిచి బయటికి రాగలిగాడు, బతికి ఉన్నాడు కాబట్టి.

ఉరి దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురికి హత్య కేసులో కింది కోర్టు ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్లీ ఉరి వేసింది, అంటే దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఆరుగురినీ చంపమంది. పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు రివ్యూలో ఆరుగురూ నిర్దోషులని తేల్చి తలా అయిదు లక్షలు ఇమ్మంది. నేరం జరిగిందన్న నాటికి వాళ్లలో ఒకడు మైనరు. పై కోర్టులు తప్పులు పట్టుకుంటాయిలే అని ధైర్యం చెప్పేవాళ్లు ఈ కేసు ఒకసారి చదవాలి. ఇక్కడ తప్పు పై కోర్టుదే.

కోర్టుల ఆలస్యంతో విసిగి, 'ఈ తతంగం అంతా ఎందుకు, అక్కడికక్కడే తేల్చేయండి' అనే మాట 2019 డిసెంబరు 6న తెలుగు నేలంతా మార్మోగింది. దిశ కేసులో నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన రోజు అది. పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు చంపాలనే కాల్పులు జరిపారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఏ కోర్టూ ఉరి వేయడానికి వీల్లేదు. ఆ కోపంలోనే మన అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు ఇవ్వాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టంగా అమలుకే రాలేదు.

భయం దేనివల్ల పుడుతుంది

ఉరి ఉంటే హత్యలు తగ్గుతాయన్న వాదన వినడానికి బాగుంటుంది. 1967లో లా కమిషన్ 35వ నివేదిక, ఈ దేశ పరిస్థితుల్లో ఉరి తీసేసి ప్రయోగాలు చేయలేమంది. 2015లో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని కమిషన్ 262వ నివేదికలో, యావజ్జీవం కన్నా ఉరి ఎక్కువ భయపెడుతుందనడానికి ఆధారం లేదని చెప్పి, ఉగ్రవాద నేరాలకు, దేశం మీద యుద్ధానికి దిగడానికి తప్ప మిగతావాటికి రద్దు చేయమంది. అమెరికాలో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 2012లో దశాబ్దాల అధ్యయనాలను జల్లెడ పట్టి, ఉరి వల్ల హత్యలు తగ్గుతాయని గానీ, పెరుగుతాయని గానీ, తేడా ఉండదని గానీ వాటితో చెప్పలేమంది.

మన దగ్గర హత్యలు ఎందుకు జరుగుతాయో చూస్తే ఇందులో వింతేమీ లేదు. గట్టు తగాదా, ఆస్తి పంపకం, పాత పగ, మందు మీద మాటామాటా పెరగడం, ఇంటి గొడవలు. గజపతినగరం పొలంలో గడ్డపార ఎత్తినవాడు 103వ సెక్షన్ తలుచుకోడు. తలుచుకుని పథకం వేసేవాడు 'దొరకను' అనే ధీమాతో చేస్తాడు. ఆ ధీమాకు కారణం ఉంది. విచారణ పూర్తయిన హత్య కేసుల్లో సగానికి పైగా శిక్ష లేకుండానే ముగుస్తున్నాయి. సాక్షులు ఎదురు తిరుగుతారు, ఫోరెన్సిక్ రిపోర్టు ఆలస్యమవుతుంది, పంచనామా రాసినవాడే కోర్టులో తడబడతాడు. ఏడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వెళ్లాల్సిందేనని కొత్త చట్టం పెట్టిన నిబంధన, నా దృష్టిలో, వంద ఉరిశిక్షలకన్నా ఎక్కువ భయపెట్టగలదు. అందుకు తగినంత సిబ్బందిని ఇస్తేనే లెండి.

పద్నాలుగేళ్ల భ్రమ

ఇన్ని చెప్పినా టీ కొట్టు దగ్గర ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. "మనిసిని సంపీసినోడికి కూడెట్టి మేపుతారేటండీ? పద్నాలుగేళ్లకి బయటికొచ్చీసి కాలరెగరేసుకు తిరుగుతాడు." అసలు వాదన ఇదే. ఉరి కావాలనేవాళ్లలో చాలామందికి చావు మీద మోజు లేదు, వాడు తిరిగి రాకూడదన్న పట్టుదల ఉంది. దీన్ని మానవ హక్కులవాళ్లు తరచూ చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు.

కూడు సంగతి తేలిక. ఉరి పడినవాడికీ ఏళ్ల తరబడి కూడు పెడుతూనే ఉన్నాం. యావజ్జీవ ఖైదీ జైల్లో పని చేయాలి, ఉరి ఖైదీకి ఆ బాధ్యత కూడా లేదు.

పద్నాలుగేళ్ల సంగతికి కొంచెం వివరం కావాలి. జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు లెక్కేస్తారని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఏ చట్టంలోనూ అది లేదు. ఉరి రాశాక జడ్జి కలం పాళీ విరిచేయడం లాంటిదే, ఆనవాయితీగా పాకిన మాట. యావజ్జీవం అంటే ఆ మనిషి ప్రాణం ఉన్నంతకాలం అని గోపాల్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగేళ్లు అనేది విడుదలకు గడువు కాదు. హత్యలాంటి నేరంలో అంతకన్నా ముందు విడుదల చేయకూడదని ప్రభుత్వం చేతులు కట్టేసే గీత అది. ఆ గీత దాటాక ప్రభుత్వం వదలొచ్చు, వదలకపోవచ్చు. ఆగస్టు 15కీ, గాంధీ జయంతికీ జాబితాలు వస్తుంటాయి, వాటిలో రాజకీయ పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు కనపడుతుంటాయి, జనానికి ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే.

దీనికి జవాబుగా సుప్రీంకోర్టు 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో మధ్య దారి ఒకటి వేసింది. ఉరి వద్దు, కానీ ప్రభుత్వం రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) ఇచ్చి వదలడానికి వీల్లేకుండా చనిపోయేదాకా జైలు. కావాలంటే 25 లేదా 30 ఏళ్ల దాకా ఆ ఊసే ఎత్తకూడదని కూడా కోర్టు చెప్పొచ్చు. 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 3-2తో దీన్ని ఖాయం చేసింది. రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష అధికారం మాత్రం అలాగే ఉంటుంది. హన్మకొండ కేసులో హైకోర్టు వేసింది ఈ కోవకు చెందిన శిక్షే.

అంటే టీ కొట్టు దగ్గర మనిషి అడుగుతున్నది చట్టంలో వచ్చేసింది. వాడు బయటికి రాడు. రేపు కేసు తప్పని తేలితే తలుపు తీయొచ్చు. ఉరా, పద్నాలుగేళ్లా అని మనం చేస్తున్న వాదన పాతబడిపోయి పదేళ్లు దాటింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ మధ్య దారి వాడే అధికారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకే ఉందని శ్రీహరన్ తీర్పు చెప్పింది. అత్యాచారానికి సంబంధించిన కొన్ని సెక్షన్లలో, అప్పటికే యావజ్జీవం అనుభవిస్తున్న ఖైదీ చేసిన హత్యలో 'మిగిలిన జీవితమంతా' అని చట్టమే రాసింది, అక్కడ కింది కోర్టూ వేయొచ్చు. మామూలు హత్య కేసులో విశాఖ సెషన్స్ జడ్జి చేతిలో ఉన్నవి రెండే: ఎప్పుడో ఒక జాబితాలో బయటికొచ్చే అవకాశం ఉన్న యావజ్జీవం, లేదా ఉరి. కోర్టు బయట జనం, లోపల తల్లి ఏడుపు, చేతిలో ఘోరమైన ఫొటోలు. మొదటిది మరీ తక్కువ అనిపించిన జడ్జి రెండోది రాస్తారు, పైవాళ్లు చూసుకుంటారులే అనే భరోసాతో. పై కోర్టుల్లో అంత భారీగా ఉరిశిక్షలు తగ్గిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అనుమానం. ఈ లోపల దోషి కొన్నేళ్లు ఉరి నీడలో ఉంటాడు. బాధితుల కుటుంబం ఉరి పడిందని ఒకసారి ఊపిరి పీల్చుకుని, హైకోర్టులో తగ్గిన రోజు రెండోసారి కూలబడుతుంది.

పార్లమెంటు తలుచుకుంటే 103వ సెక్షన్‌లో ఒక వాక్యం చేర్చి, రెమిషన్ లేని 25 లేదా 30 ఏళ్ల జైలు వేసే అధికారం సెషన్స్ జడ్జికి ఇవ్వొచ్చు. దుర్వినియోగం కాకుండా ఆ శిక్షకూ ఉరికి ఉన్నట్టే హైకోర్టు ధ్రువీకరణ తప్పనిసరి చేయొచ్చు. గడువు ముగిశాక విడుదల సంగతి మంత్రుల చేతిలో పెట్టకుండా, ఒక జడ్జి, ఒక మానసిక వైద్యుడు ఉన్న బోర్డు, చనిపోయినవారి కుటుంబం మాట కూడా విని తేల్చాలి. ఆ కుటుంబానికి చట్ట ప్రకారం రావాల్సిన నష్టపరిహారం జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా వస్తుంది. తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. ఈ సంగతి కేసు పెట్టిన రోజే వాళ్లకు చెప్పే పోలీస్ స్టేషన్ మాత్రం అరుదు.